పాత వ్యానుకు ఏసీ: నడిచేటప్పుడు ఒకటి, నిద్రించేటప్పుడు మరొకటి

అత్తిబెలె సరిహద్దు దాటి హోసూరు, కృష్ణగిరి మీదుగా వేసవిలో దిగువకు పోయేవారికి ఎండలోని భేదం వెంటనే తెలుస్తుంది. బెంగళూరు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. వాణియంబాడి, వేలూరు వైపు దిగేకొద్దీ ఏప్రిల్, మే నెలలలో రేకు పైకప్పు గల వ్యాను కాలిన పెనంలా మారుతుంది. పాత టెంపో ట్రావెలర్‌నో, మారుతి ఓమ్నీనో కొని, వెనుక సీట్ల స్థానంలో పరుపులు వేసి, ఇంటిల్లిపాదీ తిరుపతికో తిరువణ్ణామలైకో వెళ్ళదలచిన కుటుంబాలకు మొదట కలిగే సందేహం, ఏసీ పెట్టించవచ్చునా అన్నది. పెట్టించవచ్చును. అయితే బండి నడిచేటప్పుడు చల్లదనం ఒక పని, ఆపి నిద్రించేటప్పుడు చల్లదనం వేరొక పని. రెండింటినీ ఒకే ఏసీతో జరుపుకోబోవడంలోనే ప్రాణాపాయం ఉన్నది.

మొదటి పనికి ఇంజనుతో తిరిగే ఏసీ సరిపోతుంది. ఇంజను బెల్టు కంప్రెసరును తిప్పుతుంది. అక్కడ నొక్కబడి వేడెక్కిన గ్యాసు, ముందుభాగంలోని కండెన్సరులో వేడిని బయటి గాలికి వదలి ద్రవంగా మారుతుంది. డ్రయరు బాటిల్ అందులోని తేమను పీల్చుకుంటుంది. సన్నని వాల్వు గుండా పోయి ఒత్తిడి తగ్గిన ద్రవం కూలింగ్ కాయిల్‌లో ఆవిరి అవుతూ లోపలి వేడిని లాగివేస్తుంది. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది, కుండలో ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఇందులో అదే గ్యాసు మరల మరల తిరుగుతుంది.

ఈ కంప్రెసరు ఇంజను బలంలో కొంత తీసుకుంటుంది. 796 సీసీ ఓమ్నీ నిండా మనుషులతో ఘాటు ఎక్కేటప్పుడు ఆ భారం బాగా తెలుస్తుంది. ట్రావెలర్ డీజిల్ ఇంజనుకు ఇది అంత కష్టం కాదు. కానీ వెనుక వరుసల దాకా చల్లదనం చేరవలెనంటే వెనుకకు వేరే కూలింగ్ కాయిల్, ఫ్యాను కావాలి. ఏసీ దుకాణానికి పోవడానికి ముందు రేడియేటరు, నీటి పంపు, బ్యాటరీ, ఆల్టర్నేటరు పరీక్ష చేయించవలెను. కండెన్సరును రేడియేటరు ముందు బిగిస్తారు గనుక రేడియేటరుకు వేడిగాలి తగులుతుంది. ఇదివరకే వేడెక్కే ఇంజను ఏసీ వేసిన మొదటి ప్రయాణంలోనే ఆగిపోతుంది. పైకప్పు లోపల వేడిని ఆపే ఫోమ్ షీటు అంటించడం చౌక పని. అది చేయకుండా పెద్ద ఏసీ కొనడం నా దృష్టిలో చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

గ్యాసు విషయంలో ఒక హెచ్చరిక. పూర్వపు బండ్లలో ఆర్-12 వాడేవారు. ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దానిని మానిపించిన తరువాత ఆర్-134ఏ వచ్చింది. రెండింటికీ నూనెలు వేరు. కాబట్టి పాత బండి నుండి ఊడదీసిన కంప్రెసరును కడిగి నూనె మార్చకుండా బిగించరాదు. గ్యాసు పట్టించే ముందు వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలిని, తేమను లాగివేయాలి. తేమ మిగిలితే వాల్వులో మంచు కడుతుంది, నూనె పాడై కంప్రెసరు చెడుతుంది. వంటగ్యాసు నింపితే చౌక అనే మాట ఎవరైనా చెబితే వినరాదు. లీకయినచోట ఒక నిప్పురవ్వ చాలు.

ఇక నిద్ర విషయం. 2024 డిసెంబరు 23న కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు మృతులై కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం తెలుస్తాయి, నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. ఇంజను నడుపుతూ నిద్రించినా ఇదే ప్రమాదం. పాత బండి నేలకు తుప్పు పట్టిన రంధ్రాలు, చిట్లిన సైలెన్సరు ఉంటే మరీ ఎక్కువ. అందుచేత ఇంజనుతోగాని, దగ్గరి జనరేటరుతోగాని నడిచే ఏసీ కింద ఎవరూ నిద్రించరాదు. కార్బన్ మోనాక్సైడు అలారం ఒకటి పడక దగ్గర అమర్చుకోవాలి. ఎవరైనా మగతగా ఉంటే తలుపులు తెరిచి, బయటి గాలిలోకి చేర్చి, 108కి ఫోను చేయాలి. ఆ సంఖ్య సరిహద్దుకు ఇరువైపులా పనిచేస్తుంది.

బ్యాటరీతో నడపవచ్చును గదా అంటే, లెక్క చూడండి. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు 1000 వాట్-గంటల కరెంటు తీసుకుంటుందనుకుందాం. 12 వోల్టుల 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 1200 వాట్-గంటలు. లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగమే వాడడం మంచిది. అంటే అరగంటకు కాస్త పైన. ఒక రాత్రికి లిథియం బ్యాటరీలు అనేకం కావాలి, వాటి ఖర్చు పాత ఓమ్నీ ధరను మించవచ్చు. సత్రంలోనో లాడ్జిలోనో ప్లగ్గు దొరికేచోట ఆగి, చిన్న ఏసీని నేలతీగ ఉన్న మందపాటి వైరుతో నడుపుకోవడం మేలు. అది లేనిచోట దోమతెర, కిటికీల సందు, 12 వోల్టుల ఫ్యాను చాలు. మన ఎగువ ప్రాంతపు రాత్రులకు ఇంతకంటే అవసరం తక్కువ.

కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నమయ్యే మార్పును ఇష్టానుసారం చేయరాదు. సీట్లు తీయడం అటువంటిదే, కనుక పని మొదలుపెట్టక మునుపే బండి నమోదైన రాష్ట్రపు ఆర్టీవో కార్యాలయంలో అడగాలి. హోసూరులో పని చేయించినా కర్ణాటక బండికి కర్ణాటక కార్యాలయమే దిక్కు. ఏసీ అమర్చినట్టు బీమా సంస్థకు వ్రాతపూర్వకంగా తెలిపి, బిల్లు భద్రపరచాలి. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిన నిబంధన పాత వ్యాన్లకు వర్తించదు. కొత్త వైరు ప్రతిదానికీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించుకోండి, మేస్త్రీ అవసరం లేదన్నా సరే.