వేపచెట్టు నీడలో ఒక ఫోటో: మనం కెమెరా ముందు ఎందుకు బిగుసుకుపోయాం?



మీ ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి బయటికి తీయండి. తాత, నాయనమ్మల ఫోటో. తాత కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు, చేతులు మోకాళ్ల మీద. నాయనమ్మ పక్కన నిలబడి ఉంటుంది. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు ఉండదు. వెనక స్టూడియో తెర. మేడ, మెట్లు, పూలతోట, మన వాడలో లేనివన్నీ ఆ తెర మీద ఉంటాయి. పిల్లలుంటే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు.

"మనోళ్లకి ఫోటో దిగడం రాదు" అని మనమే నవ్వుకుంటాం. ఇవాళ ఆ మాట సంగతే చూద్దాం.

తొలినాళ్ల కెమెరాల ముందు కదలకుండా ఉండాల్సి వచ్చేది, నిజమే. అన్ని కులాల వాళ్లూ, అన్ని దేశాల వాళ్లూ అప్పట్లో అలాగే నిలబడ్డారు. కానీ మన విషయంలో ఇంకో ప్రశ్న అడగాలి. కెమెరా మన దగ్గరికి ఎవరి చేతిలో వచ్చింది? దేనికోసం వచ్చింది?

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ పాలకులకు ఈ దేశ జనాన్ని లెక్కగట్టి, వర్గీకరించి పెట్టుకోవాల్సిన అవసరం పెరిగింది. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు అచ్చేశారు. ఫోటో, పక్కన కులం పేరు, దాని కింద ఆ కులం గుణగణాల మీద తీర్పు. ఆ తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ వచ్చాడు. మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. మాల, మాదిగల గురించి కూడా అందులో రాశాడు. అలాంటి పుస్తకాల్లో ఫోటో కింద మనిషి పేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. అక్కడ మనం మనుషులం కాదు, నమూనాలం.

కొలత తీసుకునేవాడి ముందు ఎవరు నవ్వుతారు చెప్పండి?

దీనికి జవాబు ముందుగా అమెరికా నల్లజాతి నుంచి వచ్చింది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ 363 ఫోటోల ఆల్బమ్‌లు తీసుకెళ్లాడు. జార్జియా రాష్ట్రపు నల్లజాతి జనం ఫోటోలవి. మంచి బట్టలు కట్టుకున్న స్త్రీలు, చదువుకునే పిల్లలు, వాళ్ల ఇళ్లు, దుకాణాలు, చర్చిలు. నల్లవాళ్లంటే నేరస్తులనీ, అనాగరికులనీ ప్రచారం చేసే ప్రపంచానికి ఆయన వాదించి చెప్పలేదు, చూపించాడు. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే.

ఇక బాబాసాహెబ్ ఫోటోల దగ్గరికి వద్దాం. మనకు బాగా తెలిసినవి సూటు, పుస్తకం, చాచిన వేలు. కానీ 1934 ఫిబ్రవరిలో ముంబై దాదర్‌లోని రాజగృహ వద్ద తీసిన కుటుంబ ఫోటో ఒకటి ఉంది. కొడుకు యశ్వంత్, బాబాసాహెబ్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్, ఇంకా బాబాసాహెబ్ ముద్దుగా పెంచుకున్న కుక్క టోబీ. నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాళ్లు. 1935 మే 27న రమాబాయి కూడా వెళ్లిపోయింది. ఆ ఫోటో తీసేనాటికి ఆమెకు మిగిలింది 15 నెలలు. చరిత్రను మార్చిన మనిషికి ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో ఒక కుక్క కూడా ఉండేదని చెప్పే ఫోటో అది. ఆ ఒక్క ఫోటో లేకపోతే మనకు ఎంత తెలియకుండా పోయేదో ఆలోచించండి.

ఇప్పుడు మళ్లీ అమెరికాకు, 1956కు. మోంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ సాగుతున్న ఏడాది అది. 'లైఫ్' పత్రికలో మొదటి నల్లజాతి స్టాఫ్ ఫోటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ అలబామా వెళ్లాడు. వేర్పాటు చట్టాల కింద బతుకు ఎలా ఉంటుందో చూపించాలి. దెబ్బలు, మంటలు, పోలీసు కుక్కల ఫోటోలు తీయొచ్చు. కానీ ఆయన ఒక పెద్ద కుటుంబం రోజువారీ బతుకును తీశాడు. అదీ రంగుల్లో. ముసలి తల్లిదండ్రులు, వాళ్ల బిడ్డలు, మనవలు. ఉతికిన గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు, ఇంటి ముందు కూర్చున్న మనుషులు. ఒక ఫోటోలో పిల్లలు ఇనుప కంచె పట్టుకుని, తమకు ప్రవేశం లేని పార్కులోకి చూస్తుంటారు. మనకు వాళ్ల వీపులే కనిపిస్తాయి. ఏడుపు లేదు, నెత్తురు లేదు. అయినా ఆ కంచె మన ఛాతీ మీద పడుతుంది.

ఆ పిల్లలు అంత సహజంగా ఎలా ఉన్నారు? ఎదురుగా ఉన్నవాడు వాళ్లను కొలవడానికి రాలేదు కాబట్టి. కాన్సస్‌లో అదే వివక్షలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి.

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ కుటుంబంలో టీచరుగా పనిచేసే కూతురు ఆలీ కాజీ, వేర్పాటు పోవాలని లైఫ్‌తో ధైర్యంగా చెప్పింది. పత్రిక వచ్చాక ఆమె ఉద్యోగం పోయింది. కుటుంబం ఆ ఊరే వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఫోటో తీసినవాడు న్యూయార్క్ వెళ్లిపోయాడు, మూల్యం ఫోటో దిగినవాళ్లు కట్టారు. ఉద్యమంలో కెమెరా పట్టే ప్రతి ఒక్కరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన దగ్గర ఏం జరిగింది? 1985లో కారంచేడు, 1991లో చుండూరు. మనోళ్ల ఫోటోలు పత్రికల మొదటి పేజీకి ఎక్కింది శవాలుగానే, గుండెలు బాదుకునే తల్లులుగానే. ఆ ఫోటోలు అవసరమే, అవి సాక్ష్యం. కానీ ఆ తల్లులు అంతకుముందు నవ్వలేదా? అరుగు మీద కూర్చుని బిడ్డకు జడ వేయలేదా? అది ఎవరు తీశారు? మన చావుకు సాక్ష్యం ఉండి, మన బతుకుకు లేకపోతే రేపటి పిల్లలకు మనం బాధితులుగా మాత్రమే మిగులుతాం.

ఇప్పుడు మీ జేబులో కెమెరా ఉంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ పని చేయండి.

మిట్టమధ్యాహ్నం ఎండలో తీయకండి. కళ్ల కింద నీడలు పడి ముఖం మొద్దుబారుతుంది. పొద్దున్నే గానీ, పొద్దు వాలేముందు గానీ, లేదంటే వేపచెట్టు నీడలో గానీ తీయండి. తెల్ల గోడ ముందు నిలబెడితే ఫోన్ ఆ గోడను చూసి వెలుతురు తగ్గించేస్తుంది, మన ముఖాలు నల్లగా మాసిపోతాయి. తెర మీద ముఖాన్నే తాకి వెలుతురు సరిచేయండి. ఇది ఇవాళ్టి గొడవ కాదు. రంగుల ఫిల్మును సరిచూసుకోవడానికి కోడాక్ ఏళ్ల తరబడి వాడింది తెల్ల స్త్రీ ఫోటోనే. నునుపు చేసి, తెల్లగా మార్చే ఫిల్టర్ తీసేయండి. అమ్మమ్మ రంగు అమ్మమ్మదే.

పిల్లల్ని నవ్వమని అడగకండి. నేల మీద కూర్చుని వాళ్ల కళ్ల ఎత్తు నుంచి తీయండి. గోళీలు ఆడుకోనివ్వండి. పెద్దవాళ్లను ఊరికే నిలబెట్టకండి. చిక్కుడుకాయలు వలిచే చేతులు బిగుసుకోవు. తాత నిటారుగా కూర్చునే దిగుతానంటే ముందు అదే తీయండి. ఆ నిటారు మనకు ఊరికే రాలేదు, ఆత్మగౌరవంతో సంపాదించుకున్నది. ఆ ఫోటో అయిపోయిందని ఆయన భుజాలు సడలించి కబుర్లలో పడ్డాక ఇంకొకటి తీయండి.

తర్వాత ప్రింటు వేయించి, వెనక పేర్లు రాయండి. ఊరు, తేదీ, తీసిన మనిషి పేరు కూడా. పేరు లేకుండా మనల్ని అచ్చేసిన పుస్తకాలకు అదే మన జవాబు. ఇంట్లో పేర్లు తప్పకుండా రాయండి. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు మాత్రం వాళ్లను అడగండి. ఆలీ కాజీని మరిచిపోకండి.

జై భీమ్.