పళ్లెం మధ్యనుంచి పక్కకు జరిగిన అన్నం

అమెరికాలో తెలుగు శాకాహారుల వంటింటి చరిత్ర ఒకదానికి బదులు మరొకటి వెతుక్కున్న చరిత్ర. 1965 నాటి వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్ల, ఇంజనీర్ల ఇళ్లలో గోంగూర లేదు, మామిడికాయ లేదు, కందిపప్పు దొరకడమే గగనం. చికాగో డెవాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్ తొలి దుకాణం తెరిచింది 1974లో. అలాంటి కొట్టు దరిదాపుల్లో లేని ఊళ్లలో సూపర్‌మార్కెట్‌లో ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి. రూబార్బ్ కాడలు పప్పులో పడి గోంగూర పులుపునిచ్చాయి. క్రాన్‌బెర్రీలు పచ్చడయ్యాయి. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తురుముతో మామిడికాయ పులిహోర కలిపారు. క్రీమ్ ఆఫ్ వీట్ ఉప్మారవ్వ అయింది, రికోటా కోవా అయింది. ఇన్ని మారినా పులుపు ఏ దేశానిదైనా దాన్ని కలుపుకున్నది అన్నంలోనే. అన్నం రుచి పోకూడదనే ఆ వెతుకులాటంతా. పిండిపదార్థం తగ్గించే ‘లో కార్బ్’ తిండి ఈ ఇళ్లలోకి వచ్చినప్పుడు, మొదటిసారిగా అన్నానికే బదులు వెతకవలసి వచ్చింది. బియ్యంలా కనిపించే మరో వస్తువు కోసం తిరిగినంతకాలం ఆ ప్రయత్నం తడబడింది. పక్కన ఒదిగి ఉండే కూరను పెద్దది చేసుకున్న ఇళ్లలోనే అది నిలిచిందని నా అభిప్రాయం.

లో కార్బ్ పద్ధతి పుట్టుకే మాంసాహారుల బల్లమీద జరిగింది. లండన్‌లో విలియం బాంటింగ్ తన బరువు తగ్గిన వైనాన్ని చిన్న పుస్తకంగా వేసింది 1863లో. ఇన్సులిన్ రాకముందు అమెరికా వైద్యులు షుగర్ రోగులను పిండిపదార్థం కోసేసిన తిండితోనే కొంతకాలం బతికించగలిగారు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం ఆ పాత సంగతిని ఇంటింటికీ చేర్చింది. అయితే తెలుగువారు స్థిరపడుతున్న రోజుల్లో ప్రభుత్వం చెప్పింది దీనికి నేరుగా ఎదురు మాట. 1977లో మెక్‌గవర్న్ సెనేట్ కమిటీ కొవ్వు తగ్గించి పిండిపదార్థం పెంచమంది. 1992 నాటి ఆహార పిరమిడ్ బ్రెడ్డు, అన్నం, పాస్తాలను అడుగున పరిచి రోజుకు 6 నుంచి 11 వంతులు తినమంది. పప్పూ అన్నం తినే శాకాహారికి ఇంతకన్నా తీపి కబురేముంటుంది? మన తిండిని అమెరికా సైన్సే మెచ్చుకుందన్న ధీమా ఒక తరాన్ని నిశ్చింతగా ఉంచింది.

ఆ నిశ్చింతను రక్తపరీక్షలు చెదరగొట్టాయి. శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లోని దక్షిణాసియా వాసులు 906 మందిని 2010 నుంచి పరీక్షించిన ‘మసాలా’ అధ్యయనంలో వందలో సుమారు 23 మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. అదే వయసు తెల్లవారిలో ఆ సంఖ్య 6 దగ్గరే ఉంది. 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియావారికి పరీక్ష మొదలుపెట్టవలసిన బీఎంఐని 25 నుంచి 23కు దించింది. సన్నగా కనిపించేవారిలోనూ జబ్బు దాగి ఉంటోందని దాని అర్థం. 2019లో అదే సంస్థ, రక్తంలో చక్కెర అదుపుకు తిండి మార్పులన్నిటిలోకి ఎక్కువ రుజువు ఉన్నది పిండిపదార్థం తగ్గించడానికేనని ఒప్పుకుంది.

ఒప్పుకోవడం వేరు, వండుకోవడం వేరు. అట్కిన్స్ తొలిదశలో రోజుకు 20 గ్రాముల పిండిపదార్థమే హద్దు. ఉడికిన కందిపప్పు ఒక కప్పులోనే దాదాపు 40 గ్రాములుంటుంది. కప్పు అన్నంలో ఉండేది 45. అంటే ఆ లెక్కన శాకాహారికి అన్నంతోపాటు పప్పూ నిషిద్ధమే. 2017, 2018 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతి యూట్యూబ్ ద్వారా ప్రవాసుల ఫోన్లలోకీ వచ్చింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు అన్న సూత్రం అది. వైద్యులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మాంసం తినేవారికి అందులో దారి ఉంది. శాకాహారికి మిగిలేవి పనీరు, వెన్న, కొబ్బరినూనె, సూపు. నెలల తరబడి ఒక ఇల్లు అలా వండుకోగలదా అన్నదే అసలు ప్రశ్న. ఇంకో దారి కెనడాలో కనిపించింది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 2009లో సోయా, గోధుమ గ్లూటెన్, గింజలు, కూరగాయలతో పిండిపదార్థాన్ని మొత్తం శక్తిలో 26 శాతానికి దించి చూసింది. చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. మాంసం లేకుండా ఈ పని సాధ్యమేనని, సున్నాదాకా పోనక్కర్లేదని అప్పుడే రుజువైంది.

ఇక వంటింటి సంగతి. కాలీఫ్లవర్‌ను రవ్వలా తురిమి అన్నం అనుకోమన్నారు. వంద గ్రాములకు 5 గ్రాముల పిండిపదార్థమే కాబట్టి లెక్క బాగానే కుదిరింది. కానీ దానిమీద సాంబారు పోస్తే నీళ్లు విడిపోతాయి. మెతుకు పులుసును పీల్చుకున్నట్టు ఆ తురుము పీల్చుకోదు. బాదంపిండి రొట్టెలు విరిగాయి. అసలు చిక్కేమిటంటే, మన కూరలన్నీ అన్నాన్ని లెక్కలో పెట్టుకుని వండినవి. ముద్దకు చాలినంత ఉప్పు, కారం, చింతపండు కొద్దిపాటి పచ్చడిలో ఉంటాయి. ఆ పచ్చడినే కప్పుడు తింటే నాలుక కాలుతుంది, రక్తపోటు లేస్తుంది. అందుకే అన్నం తగ్గినచోట ఉప్పు సగం కావాలి, పులుసు పలచబడాలి, ముక్క పెద్దదవ్వాలి. బీరకాయ, సొరకాయ, దొండకాయ, పొట్లకాయ, కాకరకాయలలో పిండిపదార్థం తక్కువే. ఆవపెట్టిన కూర, నువ్వులపొడి చల్లిన వేపుడు, పెసరపప్పు వేసిన బీరకాయ, పెరుగుపచ్చడి కొత్తగా కనిపెట్టవలసినవి కావు, వాటి పాళ్లు తిరగరాస్తే చాలు. పెసరట్టు పిండిలో బియ్యం మానేసి, ఉప్మాకు బదులు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టోఫూ తురుము వేస్తే అది పూట భోజనమవుతుంది. నాకు ముఖ్యంగా తోచేది పప్పు విషయం. కప్పు అన్నంలో పీచు ఒక గ్రాముకూడా ఉండదు, మాంసకృత్తులు 4 గ్రాములు. అదే కప్పు పప్పులో పీచు, మాంసకృత్తులు రెండూ పదేసి గ్రాముల పైమాటే. శాకాహారి పప్పును వదులుకుని పిండిపదార్థం లెక్క సరిచేసుకోవడం పొరపాటు.

దీనికి అభ్యంతరాలూ వినిపిస్తాయి. తాతలు మూడుపూటలా అన్నమే తిన్నారు, వాళ్లకు లేని జబ్బు మనకెందుకన్నది మొదటి ప్రశ్న. తాతలందరూ తినలేదు. గోదావరిమీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే ఆ డెల్టా విస్తారంగా వరి మాగాణి అయింది. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె ఎన్నో ఇళ్లలో నిత్యభోజనం. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చి పేదల ఆకలి తీర్చింది, ఆ పనిని తక్కువ చేయడానికి వీల్లేదు. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం కలిసినచోటనే పాత లెక్క తప్పింది. సిరిధాన్యాలు తింటే సరిపోదా అన్నది రెండో ప్రశ్న. వాటిలో పీచు ఎక్కువ, మంచివే. అయినా వంద గ్రాముల కొర్రల్లో పిండిపదార్థం 60 గ్రాములకు పైనే. గిన్నె నిండా తింటే ఫలితం పెద్దగా మారదు. మూడోది నిజంగా బరువైన అభ్యంతరం. అన్నం తీసిన ఖాళీని వెన్న, పనీరు, కొబ్బరినూనెలతో నింపితే, గుండెజబ్బు ముందే వచ్చే మన జనానికి మరో ముప్పు. కాబట్టి ఆ ఖాళీని వేరుశెనగ, నువ్వులు, బాదం, టోఫూ, వడకట్టిన పెరుగుతో నింపాలి.

ఆచారం ఒప్పుకోదనేవారికి ఒక మాట గుర్తుచేయాలి. ఏకాదశినాడు బియ్యం ముట్టని సంప్రదాయం మనదే. ఫలాహారం అంటే పండ్లు తినడం. అదే మాట పలహారమై ఇడ్లీ, ఉప్మాలకు పేరైంది. అన్నం లేని పూట మనకు ఏనాటినుంచో ఉంది, ఆ పూటలోకి బియ్యపుపిండి, గోధుమరవ్వ తర్వాత దూరాయి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తగ్గించేముందు డాక్టరుతో మోతాదు మార్పించుకోవాలి, లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. తెలుగు సంఘాల మహాసభల్లో, గుడి క్యాంటీన్లలో వడ్డన చూసేవారికి ఒక విన్నపం: పులిహోర, దద్ధ్యోజనం అలాగే ఉండనివ్వండి. వాటికి ముందు ఉప్పు తగ్గించిన రెండు కూరలు, చిక్కటి పప్పు, పెద్ద గరిటెలతో పెట్టండి.