జెండా పాట నుంచి తెర మీది పాట దాకా

వరంగల్, ఖమ్మం వైపు మిర్చి పండించేవాళ్ళకి ‘జెండా పాట’ అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పొద్దున్నే యార్డులో ఖరీదుదార్లు, అడ్తిదార్లు, మార్కెట్ అధికారులు ఒక చోట చేరతారు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన ఒక రాశికి పాట పాడతారు. అది పలికిన ధరే ఆ రోజుకి జెండా పాట. మర్నాడు పేపర్లో పడే అంకె కూడా అదే. ఆ తర్వాత ఖరీదుదార్లు మిగతా రాశుల మధ్య తిరుగుతారు. గుప్పెడు కాయ తీసి, విరిచి, రంగు చూసి, తేమ ఉందనో తాలు ఉందనో అని ఎవరి రాశికి వాళ్ళ ధర చెప్తారు. జెండా ధరకీ, చివరికి రైతు చేతికొచ్చే తక్‌పట్టీ మీది ధరకీ మధ్య వేల రూపాయల తేడా ఉన్నా యార్డులో ఎవరూ ఆశ్చర్యపోరు. పాట జరిగింది నిజమే, కానీ ఒక్క రాశికి. మిగతా వాటికి జరిగింది బేరం. అదీ అమ్మేవాడు ‘వద్దు’ అనలేని బేరం.

ఈ తేడాని కంప్యూటర్‌తో పూడ్చొచ్చు అనేది 2016లో మొదలైన ఆలోచన. ఆ ఏడు ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్, అంటే జాతీయ వ్యవసాయ మార్కెట్, ప్రారంభించింది. మొదట 8 రాష్ట్రాల్లో 21 మార్కెట్లు. వాటిలో మన నిజామాబాద్, వరంగల్ ఉన్నాయి. అదే ఏడు అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాని విడదీసి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు చేశారు. జనగామ, కేసముద్రం, మహబూబాబాద్ యార్డుల్లోకి తెర మీది పాట వచ్చింది కూడా దాదాపు ఈ జిల్లాల వయసులోనే. ఈ-నామ్ సాఫ్ట్‌వేర్ పని చేసిన నాగార్జున ఫెర్టిలైజర్స్ మన హైదరాబాద్ కంపెనీయే అన్న సంగతి చాలామందికి తెలియదు. ఎరువులమ్మే కంపెనీ వేలం సాఫ్ట్‌వేర్ చేయడం ఒక వింత, అది వేరే కథ.

కొంచెం వెనక్కి వెళ్తే, పంటకి బహిరంగ పాట ఉండాలి అనేదే ఒకప్పుడు పెద్ద సంస్కరణ. అంతకుముందు దేశంలో చాలా మార్కెట్లలో బేరం గుడ్డ కింద జరిగేది. ఖరీదుదారు, దళారీ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కనే నిలబడ్డ రైతుకి తన పంట ఎంతకి పోయిందో ఆ తువ్వాలు తీసేదాకా తెలిసేది కాదు. నిజాం రాజ్యానికి చెందినా బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉన్న బేరార్‌లో 1897లోనే పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. రైతు మీద ప్రేమ అని అనుకోనక్కర్లేదు, మాంచెస్టర్ మిల్లులకి కల్తీ లేని పత్తి కావాలి. 1928లో వ్యవసాయం మీద రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు పెట్టమని సిఫారసు చేసింది. హైదరాబాద్ సంస్థానం 1339 ఫస్లీలో, అంటే 1930లో, తన మార్కెట్ల చట్టం చేసుకుంది. దాన్నీ, ఆంధ్ర ప్రాంతంలో ఉన్న 1933 మద్రాసు చట్టాన్నీ రద్దు చేసి, రెండిటికీ కలిపి ఆంధ్రప్రదేశ్ 1966లో కొత్త చట్టం తెచ్చింది. మనం ఇవాళ చూసే మార్కెట్ కమిటీ, లైసెన్సు, దడ్వాయి, ఒక శాతం మార్కెట్ ఫీజు అన్నీ ఆ వరసలో వచ్చినవే.

ప్రతి సంస్కరణా ధరని ఇంకొంచెం బయటికి తెచ్చింది. తువ్వాలు కింద నుంచి నోటి మీదకి, నోటి మీద నుంచి తెర మీదకి. ధర కనబడితే ధర పెరుగుతుందని మాత్రం మనమే అనుకున్నాం.

ఈ-నామ్ కాయితం మీద చక్కగా ఉంటుంది. ఇంజనీరుగా చూస్తే నాకు ముచ్చటేస్తుంది కూడా. గేటు దగ్గర సరుకు నమోదై ఒక లాట్ నంబరు పడుతుంది. ల్యాబులో నమూనా పరీక్ష జరుగుతుంది. ఖరీదుదార్లు ఫోన్లో గానీ కంప్యూటర్‌లో గానీ ఒక గడువులోపు ప్రతి లాట్‌కీ ధర వేస్తారు. గడువు అయ్యాక ఎవరిది ఎక్కువో ప్రకటిస్తారు. నచ్చకపోతే రైతు ఆ ధరని తిరస్కరించొచ్చు. నచ్చితే తూకం, బిల్లు, రైతు ఖాతాలోకి నేరుగా డబ్బు. అన్నిటికంటే పెద్ద మాట ఏంటంటే, కేసముద్రంలో పోసిన మక్కలకి ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్నాయన కూడా ధర వేయొచ్చు.

మరి ఆయన ఎందుకు వేయట్లేదు? కళ్ళతో చూడని సరుకుని కొనాలంటే ల్యాబు కాయితాన్ని నమ్మాలి. సీజన్లో ఒక పొద్దున వేల బస్తాల మిర్చి దిగుతుంది. ప్రతి లాట్‌నీ పరీక్ష చేసే తీరిక ఏ ల్యాబుకీ ఉండదు. అందుకని పాత పద్ధతే, గుప్పెడు తీసి విరిచి చూడటం. విరిచి చూడాలంటే యార్డులోనే ఉండాలి. కాబట్టి తెర మీద ధర వేసేవాళ్ళు చాలావరకు నిన్నటిదాకా నోటితో పాట పాడినవాళ్ళే. వాళ్ళందరూ ఒకరికొకరు తెలుసు, కలిసి టీ తాగుతారు, సాయంత్రం అదే లారీల వాళ్ళతో మాట్లాడుకుంటారు. తెర మారింది, కూర్చున్నవాళ్ళు మారలేదు.

వేలాల మీద ఆర్థికవేత్తలు చాలా లోతుగా పని చేశారు. విక్రీ 1961లో రాసిన వ్యాసంతో మొదలైన ఆ దారిలో 1996లో ఆయనకీ, 2020లో మిల్‌గ్రామ్, విల్సన్‌లకీ నోబెల్ వచ్చింది. కానీ మన యార్డుకి పనికొచ్చే మాట చెప్పింది బులో, క్లెంపరర్ అనే ఇద్దరు, 1996లో. కొన్ని షరతులకి లోబడి వాళ్ళు చూపించింది ఇది: అమ్మేవాడు ఎంత తెలివిగా కనీస ధర పెట్టుకున్నా, దానివల్ల వచ్చే లాభం కంటే పాటలోకి నిజంగా పోటీ పడే కొనుగోలుదారు ఇంకొక్కడు రావడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ. ఆ షరతుల్లో ఒకటి, కొనేవాళ్ళు కూడబలుక్కోకూడదు. ఆ ఒక్క షరతు దగ్గరే మన కథంతా ఆగిపోతుంది.

జనగామలో అది బాహాటంగా కనబడింది. 2024 ఏప్రిల్లో యాసంగి వడ్లు మార్కెట్‌కి వచ్చాయి. ఆ ఏడు ఏ గ్రేడ్ వడ్లకి మద్దతు ధర క్వింటాకు 2,203 రూపాయలు. వ్యాపారులు వేసిన ధరలు దానికి ఎంతో దిగువన. రైతులు ధర్నాకి దిగారు. అదనపు కలెక్టర్ వచ్చి వ్యాపారుల మీద కేసులు పెట్టమన్నారు, మార్కెట్ కార్యదర్శి సస్పెండ్ అయ్యారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ చర్యని మెచ్చుకున్నారు. మంచిదే. కానీ ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. పాట సరిగ్గా జరిగే మార్కెట్‌లో ధర కోసం కలెక్టర్ ఎందుకు రావాలి? వడ్లకి కనీసం మద్దతు ధర అనే గీత ఉంది, దాన్ని చూపించి కేసు పెట్టొచ్చు. మిర్చికి ఆ గీత కూడా లేదు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర పడిపోయి రైతులు ఆఫీసు మీద విరుచుకుపడ్డప్పుడు, కేసులు రైతుల మీద పడ్డాయి. మే నెలలో వాళ్ళని బేడీలతో కోర్టుకి తీసుకొచ్చిన ఫోటో చూసినవాళ్ళు మర్చిపోయి ఉండరు.

ఆన్‌లైన్ పాటతో లాభం అసలు రాదా అంటే, వస్తుంది. కర్ణాటక మనకంటే ముందే, 2014లో, తన మార్కెట్లని ఒకే ఆన్‌లైన్ వేదిక మీదకి తెచ్చింది. దాని మీద లెవీ, రాజన్, సింఘ్వి, జెంగ్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. వడ్ల ధర సగటున 5.1 శాతం, వేరుశనగ 3.6, మక్కలు 3.5 శాతం పెరిగాయని తేల్చారు. పత్తికి, పెసలకి, కందులకి చెప్పుకోదగ్గ మార్పు లేదు. జనగామ, భూపాలపల్లి రైతు ఈ రెండో వరస చూసి నిట్టూరుస్తాడు, పత్తే కదా మన దగ్గర ఎక్కువ.

ఐదు శాతమేనా అనిపించొచ్చు. ఒక ఉదాహరణ అనుకుందాం. క్వింటా మిర్చికి పెట్టుబడి 13,000 అయ్యింది, ధర 14,000 పలికింది. మిగిలింది వెయ్యి. ధర ఐదు శాతం పెరిగితే 700 ఎక్కువ, లాభం 1,700. ఇంచుమించు రెట్టింపుకి దగ్గర. ఇప్పుడు తిరగేసి చూడండి. 40 కిలోల బస్తాకి ఒక కిలో తరుగు తీశారనుకుందాం. అది రెండున్నర శాతం, క్వింటాకి 350. వెయ్యిలో మూడో వంతు కంటే ఎక్కువ అక్కడే పోయింది. బండి కిరాయి, హమాలీ, అడ్తి కమీషన్, అడ్తిదారు దగ్గర విత్తనాలప్పుడు తెచ్చిన అప్పు మీద వడ్డీ ఇంకా లెక్కలోకే రాలేదు. తెర మీద కనిపించేది ధర ఒక్కటే. లాభం తేలేది కాంటా దగ్గర, ఖాతా పుస్తకం దగ్గర. ఆ రెండూ తెర బయటే ఉన్నాయి.

పేపర్లో పడే రికార్డు ధరల సంగతీ అంతే. 2022లో ఏనుమాముల మార్కెట్‌లో దేశీ మిర్చి క్వింటా యాభై వేలు దాటిందని చదివి నగరంలో ఉన్నవాళ్ళం సంబరపడ్డాం. ఆ ఏడు కొత్త రకం తామర పురుగు మహబూబాబాద్, భూపాలపల్లి చేన్లని ఊడ్చేసింది. చాలామంది పూతలోనే పంట పోగొట్టుకున్నారు. యాభై వేలు పలికింది, అమ్మడానికి సరుకు లేనివాళ్ళ కళ్ళ ముందు.

నిజామాబాద్ ఇంకో పాఠం. పసుపు అమ్మకాల్ని ఈ-నామ్‌లోకి తేవడంలో దేశంలోనే మెచ్చుకోలు పొందిన మార్కెట్ అది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అదే నిజామాబాద్‌లో 185 మంది పోటీలో నిలబడ్డారు, వాళ్ళలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. వాళ్ళు అడిగింది మెరుగైన యాప్ కాదు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర.

భూపాలపల్లిలో ఇంకో ఆన్‌లైన్ వేలం జరుగుతుంది, దాన్ని మార్కెట్ యార్డు పక్కన పెట్టి ఎవరూ చూడరు. బొగ్గు వేలం. సింగరేణి తన బొగ్గులో ఎక్కువ భాగం ఒప్పందాల మీద కరెంటు కేంద్రాలకి ఇస్తుంది, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం లాంటివాటికి. కొంత భాగాన్ని ఈ-వేలంలో అమ్ముతుంది. దేశంలో బొగ్గు ఈ-వేలం 2000ల మధ్యలో మొదలైనప్పుడు గోల పెట్టింది కొనేవాళ్ళు, పాట ధరని విపరీతంగా పెంచేస్తోందని. 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది కూడా. 2007 అక్టోబర్‌లో కొత్త బొగ్గు పంపిణీ విధానంతో అది మళ్ళీ వచ్చింది. ఒకే రకం సాధనం. ఒక చోట కొనేవాడు మొత్తుకుంటాడు, ఇంకో చోట అమ్మేవాడు. బొగ్గు అమ్మే కంపెనీ కనీస ధర ముందే రాసిపెడుతుంది, ఎవరూ ఆ ధరకి రాకపోతే ఇంకో రోజు మళ్ళీ వేలం పెడుతుంది. ఆ ఆలస్యాన్ని తట్టుకునే స్తోమత దానికి ఉంది. ఈబేలో పాత కెమెరా అమ్మేవాడు కూడా అంతే, ధర రాకపోతే బీరువాలో పెట్టి వచ్చే నెల మళ్ళీ పెడతాడు. ఏప్రిల్లో మబ్బు పట్టిన సాయంత్రం యార్డులో రాశి పోసుకుని కూర్చున్న రైతుకి ‘తిరస్కరించు’ అనే బొత్తం ఫోన్లో ఉంది. నొక్కితే రెండో కిరాయి, రెండో హమాలీ, వానొస్తే మొత్తం పంట.

కాబట్టి నా లెక్కలో ఆ బొత్తానికి విలువ ఇచ్చేది సాఫ్ట్‌వేర్ కాదు, గోదాం. ఈ సంగతి మార్కెట్ శాఖకి ఎప్పుడో తెలుసు. మన మార్కెట్ కమిటీలకి ‘రైతుబంధు’ అనే పాత పథకం ఉంది. 2018లో వచ్చిన పెట్టుబడి సాయం పేరు కూడా అదే అవ్వడంతో దీన్ని జనం మర్చిపోయారు. ధర లేనప్పుడు సరుకు గోదాంలో పెట్టుకుని, దాని విలువలో కొంత అప్పుగా ఇవ్వడం దాని పని. 2020లో ఈ-నామ్‌కి కూడా గోదాం రసీదుల మీద అమ్ముకునే సదుపాయం కలిపారు. రెండూ పనికొచ్చేవే, పంట తనదే అయినవాడికి. కౌలుకి చేసి, అడ్తిదారు అప్పుతో పండించినవాడి రాశి యార్డులోకి రాకముందే సగం వేరేవాళ్ళది. గోదాంలో ఆర్నెల్లు పెడదామంటే అతని చేతిలో లేదు, కౌలు డబ్బులకి ఆసామి ఉగాది దాకానే ఆగుతానన్నాడు.