పత్తి చేలల్లో లేచిన బడులు

ఊరి బడికి గది కట్టించాలని చందాలు పోగుచేయని ప్రవాసాంధ్రుడు అరుదు. నేనూ రెండుసార్లు ఆ పని చేశాను. "సగం మీరు వేసుకోండి, సగం మేం పంపుతాం" అని ఊరి పెద్దలతో ఫోనులో గట్టిగా బేరమాడాను కూడా. ఈ పద్ధతి మనవాళ్ళే కనిపెట్టారనుకునేవాణ్ణి, కొన్నేళ్ళ క్రితం అలబామాలో ఓ పల్లె దారిపక్కన పెద్ద పెద్ద కిటికీలున్న పాత చెక్క బడిని చూసేదాకా. అది రోజెన్‌వాల్డ్ బడి అని అక్కడివాళ్ళు చెప్పారు. ఇంటికొచ్చాక ఆ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

జూలియస్ రోజెన్‌వాల్డ్ చికాగోలో సియర్స్ రోబక్ కంపెనీ అధినేత. జర్మనీ నుంచి వలసవచ్చిన యూదుల కొడుకు. హైస్కూలు కూడా పూర్తిచేయలేదు. 1912లో తన 50వ పుట్టినరోజు సందర్భంగా ఇచ్చిన విరాళాల్లో 25,000 డాలర్లు బుకర్ టి. వాషింగ్టన్ నడిపే టస్కీగీ సంస్థకు అందాయి. అందులో మిగిలిన కాస్త సొమ్ముతో పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు చిన్న బడులు కట్టవచ్చా అని వాషింగ్టన్ అడిగారు. ఆయన సరేనన్నారు. 1917లో నిధి ఏర్పడింది. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బడులు లేచాయి. కరెంటు లేని ఊళ్ళు కాబట్టి, గదుల్లోకి సూర్యుడి వెలుగు నిండుగా వచ్చేలా కిటికీలను వరుసగా అమర్చారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఖర్చుల లెక్క. మొత్తం సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో నిధి ఇచ్చింది 43 లక్షలు. నల్లజాతి వారు ఇచ్చింది 47 లక్షలు! మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రభుత్వ సొమ్ము, కొద్దిగా తెల్లవారి విరాళాలు. అంటే కోటీశ్వరుడి కన్నా కౌలురైతులూ కూలీలూ ఎక్కువ ఇచ్చారన్నమాట. కొన్ని ఊళ్ళలో ఒక చెక్క పత్తి నేలను బడి కోసమే విడిచిపెట్టి, ఆ పంట డబ్బు బడికి జమచేశారు. బానిసత్వం చూసిన ఓ ముసలాయన జీవితమంతా కూడబెట్టిన 38 డాలర్లను జిడ్డోడుతున్న పాత సంచిలోంచి బల్లమీద కుమ్మరించాడని నిధి పనులు చూసిన ఉద్యోగి రాసిపెట్టాడు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంది. వాళ్ళు అప్పటికే పన్నులు కట్టినవాళ్ళు. ఆ పన్నుల్లో సింహభాగం తెల్లపిల్లల బడులకు పోయింది. తమ పిల్లల బడికి మళ్ళీ జేబులోంచి తీయవలసి వచ్చింది. "మీ వంతు మీరు వేసుకోండి" అనే షరతు ఆత్మగౌరవం నిలిపిందనేవారున్నారు, పేదవాడి మీద రెండో పన్ను అనేవారూ ఉన్నారు. నా మటుకు రెండూ నిజమే అనిపిస్తుంది. అయితే బడి ప్రభుత్వానిదే కావాలనీ, స్థానిక విద్యాబోర్డు కూడా డబ్బు పెట్టాలనీ అదే షరతు చెప్పింది. అంతకుముందు పైసా విదల్చని బోర్డుల చేత కూడా అలా ఖర్చు పెట్టించారు.

వేరు బడుల పద్ధతిని మాత్రం ఆ నిధి నేరుగా ఎదిరించలేదు. అది పెద్ద లోపమే. కానీ అదే నిధి ఫెలోషిప్పులు కూడా ఇచ్చింది. అవి అందుకున్నవారిలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులున్నారు. వేరుపెట్టడం పిల్లల మనసును ఎలా గాయపరుస్తుందో బొమ్మల సాయంతో చూపించారు వాళ్ళు. 1954లో వేరు బడులు చెల్లవన్న సుప్రీంకోర్టు తీర్పులో కెనెత్ క్లార్క్ పరిశోధన ప్రస్తావనకొచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో రోజెన్‌వాల్డ్ బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నిధి అప్పటికే లేదు. శాశ్వతంగా ఉండకూడదన్న దాత కోరిక ప్రకారం సొమ్మంతా ఖర్చుపెట్టి 1948లో మూసేశారు. బడులకు తన పేరు పెట్టమనీ ఆయన అడగలేదు. సువనీర్లో దాతల ఫొటో సైజు గురించి తగవులు తీర్చినవాణ్ణి కనుక ఈ ముక్క ప్రత్యేకం రాస్తున్నాను.

తీర్పు తర్వాత పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంది. 1964లో పౌరహక్కుల చట్టం, ఆ వేడిలోనే 1965లో కొత్త వలస చట్టం వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పోయాయి. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఈ గడ్డమీద దిగింది ఆ తలుపులోంచే.

ఆ రోజు అలబామాలో బడి తలుపు తీసి చూపించిన పెద్దావిడ అక్కడే చదువుకుందట. "దీన్ని కట్టించింది ఎవరమ్మా?" అని అడిగాను, రోజెన్‌వాల్డ్ పేరు చెబుతుందనుకుని.

"మా తాత," అంది.