పింఛను: దయ నుంచి హక్కు, హక్కు నుంచి వాటా



మా కోలారు జిల్లా తెలుగువారి చుట్టరికాలు మూడు రాష్ట్రాల్లో అల్లుకుని ఉంటాయి. మా ఇంటి సంగతే చెబుతాను. మా అక్క 2005లో కర్ణాటకలో ప్రభుత్వ ఉపాధ్యాయినిగా చేరింది. అదే ఏడాది చివర్లో పెదనాన్నగారి అబ్బాయి చిత్తూరు జిల్లాలో, మేనమామ కొడుకు కృష్ణగిరి జిల్లాలో చేరారు. ముగ్గురిదీ ఒకటే చదువు, ఒకటే పని. అక్క పాత పింఛను కింద చేరింది. వాళ్లిద్దరూ, 2008లో చేరిన నేనూ, నెలనెలా జీతంలోంచి వాటా కట్టే కొత్త పద్ధతి కింద చేరాం.

ఈ తేడా తెచ్చినవి తేదీలే. కొత్త పద్ధతి తమిళనాడులో 2003 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1న, కర్ణాటకలో 2006 ఏప్రిల్ 1న మొదలైంది. ఆయా తేదీల తరువాత చేరినవారికి అది వర్తించింది. ఈ మార్పు ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తెల్లదొరల కాలంలో పింఛను అంటే సర్కారు దయ. 1871 నాటి పింఛన్ల చట్టం ప్రకారం, పింఛను విషయమై సివిలు కోర్టులో దావా నడవాలంటే కలెక్టరు అనుమతి పత్రం ఉండాలి. ఇచ్చే చెయ్యే ఆపే చెయ్యి కూడా.

స్వాతంత్ర్యం వచ్చాక ఆలోచన మారింది. బీహారు విద్యాశాఖలో పనిచేసిన దేవకీనందన్ ప్రసాద్ వేసిన కేసులో, పింఛను ఉద్యోగి హక్కు అని 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. పింఛను యజమాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడే బహుమానం కాదని, ఎప్పుడో చేసిన సేవకు దక్కే ప్రతిఫలమని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఆ రోజును పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నారు.

వాటా కట్టడం కూడా కొత్త సంగతేమీ కాదు. వెనుక కొందరు ఉద్యోగులకు పింఛను లేదు, వాటాల భవిష్యనిధి ఉండేది. ఉద్యోగి కొంత, సర్కారు కొంత వేస్తే, చివర్లో మొత్తం ఒక్కసారే చేతికి వచ్చేది. పెళ్లిళ్లకో ఇల్లు కట్టడానికో అది ఖర్చయిపోతే ముసలితనానికి ఏమీ మిగలదు. 1986 జనవరి 1న సర్వీసులో ఉన్న అటువంటి కేంద్ర ఉద్యోగుల్ని, వద్దని రాసిచ్చినవారిని తప్ప, పింఛను పద్ధతిలోకి మార్చారు. అంటే అప్పట్లో నడక వాటా నుంచి పింఛను వైపు సాగింది.

ఇరవై ఏళ్లు తిరగకుండానే ఆ నడక వెనక్కి మళ్లింది. పాత పింఛనుకు వేరే నిధి లేదు. ఏ ఏటి పింఛన్లు ఆ ఏటి ఆదాయంలోంచే ఇవ్వాలి. ఆయుర్దాయం పెరిగింది, జీతాలు పెరిగాయి, ఖజానా మీద బరువు పెరిగింది. కర్ణాటక ప్రభుత్వ మాజీ ప్రధాన కార్యదర్శి బి.కె. భట్టాచార్య అధ్యక్షతన కేంద్రం నియమించిన నిపుణుల బృందం 2002లో ఒక మధ్యేమార్గం సూచించింది. ఉద్యోగీ, సర్కారూ ఇద్దరూ వాటా వేయాలి, కానీ పింఛను ఇంత అని ముందే హామీ ఉండాలి. కేంద్రం మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేసింది. సైన్యం మినహా, 2004 జనవరి 1 నుంచి చేరిన కేంద్ర ఉద్యోగుల మూలవేతనం, కరువు భత్యాల్లో 10 శాతం కోసి, సర్కారు మరో 10 శాతం కలిపింది. 2019 ఏప్రిల్ నుంచి సర్కారు వాటా 14 శాతమైంది. ఈ డబ్బు బాండ్లలోనూ షేర్లలోనూ తిరుగుతుంది. వాటా ఎంతో ముందే తెలుసు, పింఛను ఎంతో తెలియదు. అసలు మార్పు ఇక్కడే ఉంది. కోత పది శాతమే అయినా, ముసలితనపు దిగులు సర్కారు భుజం మీంచి ఉద్యోగి భుజం మీదికి మారింది.

ఆందోళనలు జరిగాయి. రాజస్థాన్ వంటి కొన్ని రాష్ట్రాలు పాత పద్ధతికి తిరిగి వెళ్లాయి. చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తన ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకాన్ని ఐచ్ఛికంగా తెచ్చింది. ఉద్యోగి వాటా 10 శాతమే. సర్కారు 18.5 శాతం వేస్తుంది. 25 ఏళ్ల సర్వీసు చేసినవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుందని హామీ. 2002లో సూచించిన ఆ రెండో సగం దాదాపు 23 ఏళ్లకు ఈ రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

మా నాన్నగారు కూడా ఉపాధ్యాయులే. ఆయన పోయాక అమ్మకు కుటుంబ పింఛను వస్తోంది. నెల మొదట్లో నన్ను పిలిచి, లెక్కపెట్టి డబ్బిచ్చి, మందులు తెమ్మంటుంది. మిగిలిన చిల్లర తిరిగి అడుగుతుంది కూడా. ఆ అడగడంలో ఉన్న నిబ్బరమే పింఛను. వాటా ఎవరు ఎంత వేయాలన్నది ఖజానా లెక్క. ఆ నిబ్బరం మిగలాలన్నది మనిషి లెక్క. ఈ రెండూ కలిసే పద్ధతే నిలబడుతుందని ఈ చరిత్ర చెబుతోంది.