గోడకాగితము – దాని రెండవ ముఖము



చదువుకొనుటకును వ్రాసికొనుటకును నేను వాడుకొను చిన్న గది యొకటి మా యింట కలదు. దాని గోడలకు ఏటేట సంక్రాంతికి ముందు సున్నము వేయించుట మా అలవాటు. ఇటీవల మా మనుమరాలు ఆ గదికి గోడకాగితము అంటింపవలెనని పట్టుబట్టి, ఒక చుట్ట కొని తెచ్చినది. విప్పి చూచితిని. తెల్లని నేలమీద మెలికలు తిరిగిన తీగ. ఆ తీగకు ఎఱ్ఱని పూలు, నీలి ఆకులు. కొమ్మమీద ఒక పిట్ట. "విదేశీ రకం తాతయ్యా, బాగుందా?" అని అడిగినది. బాగుగనే యున్నది. కాని ఆ తీగను నేనెచ్చటనో చూచితినని తోచినది. కొంతసేపటికి జ్ఞప్తికి వచ్చినది. పెడనలో ఆరవేసిన కలంకారీ దుప్పట్లపై చూచిన తీగ యది. మన యొడ్డున తెలిసిన ఆ తీగ విదేశపు కాగితముమీది కెట్లు ప్రాకినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

ఐరోపా దేశములలో చలి మెండు. అచ్చటి ధనవంతులు తమ గోడలకు చిత్రములు నేసిన ఉన్ని తెరలను, పట్టువస్త్రములను వ్రేలాడదీసెడివారు. అంత వెచ్చింపలేనివారికి ఆ శోభను చౌకగా సమకూర్చుటకు పుట్టినదే గోడకాగితము. ఇంగ్లండులో దొరికిన మిక్కిలి ప్రాచీనమైన గోడకాగితములలో ఒకటి 1509 ప్రాంతపుది. 1911లో కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలయందు దూలములకు అంటియుండగా అది బయల్పడినది. పట్టుబట్టమీది దానిమ్మపండు నమూనాను కొయ్య అచ్చుతో, నల్లసిరాతో దానిపై ఒత్తినారు. కాగితమును త్రిప్పి చూడగా రెండవవైపున ఎనిమిదవ హెన్రీ గద్దెనెక్కిన నాళ్లనాటి రాజప్రకటన కనబడినది! ముద్రాపకుడు చెల్లిపోయిన కాగితమును పారవేయక, వెనుకవైపున పూలు అచ్చొత్తి అమ్ముకొన్నాడు. గోడకాగితమునకు మనకు కనబడు ముఖ మొకటి, గోడవైపు తిరిగియుండు ముఖ మొకటి. ఈ రెండవ ముఖమును మీరు మరువకుందురు గాక.

ఇక మన తీగ సంగతి. ఆంగ్లేయులు మచిలీపట్టణమున కోఠీ పెట్టినది 1611లో. వారిని అచ్చటికి రప్పించిన సరకులలో ముఖ్యమైనది అద్దకపు బట్ట. మనవారు బట్టను కరక్కాయ రసములో, గేదెపాలలో నానబెట్టి ఆరవైచి, తుప్పునీటితో నల్లని గీతలు గీసి, పటిక పూసి, చిరివేరుతో ఉడికించెడివారు. పటిక తగిలినచోట ఎఱుపు పట్టును, తగులనిచోట పట్టదు. ఆనాటి ఐరోపావారు నూలుబట్టపై వేసిన రంగులు నీట కరగిపోవుచుండగా, ఈ రంగులు ఎన్ని ఉతుకులకైనను నిలిచెడివి. అచ్చటివారు ఆశ్చర్యపడుటలో వింత లేదు.

ఈ బట్టలను వారు కట్టుకొనుటయే కాదు, గోడలకును కట్టినారు. లండనులో నౌకాశాఖ ఉద్యోగియైన శామ్యూల్ పెపీస్ దినచర్య వ్రాసి ప్రసిద్ధి కెక్కినవాడు. 1663 సెప్టెంబరులో అతడు తన భార్య చదువుగది గోడలకు కప్పుటకై భారతదేశపు అద్దకపు బట్టను కొనినట్లు అందు వ్రాసికొన్నాడు. చదువుగదికి అలంకారము మా మనుమరాలితో పుట్టిన ముచ్చట కాదని దీనివలన తెలియుచున్నది! అయితే నిజము చెప్పవలెనన్న, ఆ నమూనా సర్వము మనదే యనుటకు వీలులేదు. ఎఱ్ఱనేల బట్టలు తమవారికి రుచింపవనియు, తెల్లని నేలపై పూలు కావలెననియు 1643లోనే ఆంగ్ల వర్తకసంఘము వారు సూరతు కోఠీకి వ్రాసినారు. కోరిక వారిది, చేయి మనది.

ఈ బట్టల ధాటికి అచ్చటి నేతగాండ్రు తల్లడిల్లినారు. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు బట్టలను నిషేధించి, 1759 వరకు ఆ నిషేధమును సాగించినది. ఇంగ్లండువారు 1700లో దిగుమతిని ఆపి, 1721లో వాడుకనే ఆపు శాసనము చేసినారు. బట్ట ఆగినను దానిపై మోజు ఆగలేదు. కాగితమునకు అట్టి నిషేధము లేదు గనుక, అచ్చుపనివారు ఆ తీగలను, పూలను కాగితముపై దించినారు. వలసపోయిన తీగ యిట్లు వేషము మార్చినది.

కాగితమును చూచి ఖజానా యూరకుండునా? 1712లో ఆన్ రాణి ప్రభుత్వము అచ్చొత్తిన కాగితమునకు చదరపు గజమున కొక పెన్నీ చొప్పున పన్ను విధించినది. జనులు సాదా కాగితమును కొని, గోడకు అంటించిన పిమ్మట దానిపై రంగులు వేయించుకొని తప్పించుకొనసాగిరి. పన్నుముద్రను దొంగతనముగా సృష్టించువారికి 1806లో మరణదండనము విధించినారు. ఒక పువ్వుల కాగితమునకై ఉరికంబము!

పారిసులో కథ ఇంకను ఘోరముగా ముగిసినది. అచ్చట రెవెయాన్ అను నాతడు మూడువందలకు మించిన పనివారితో గోడకాగితపు కార్మాగారము నడపెను. 1783లో మాంట్‌గాల్ఫియర్ సోదరుల పొగబుడగకు అలంకారపు కాగితము సమకూర్చిన ఘనుడాతడు. 1789 ఏప్రిలులో అతడు ఒక సభలో రొట్టెధర తగ్గిన కూలి తగ్గింపవచ్చునను భావముతో మాటలాడినాడు. ఆకలితో నున్న పేటలో ఆ మాట కూలి తగ్గింతునను వదంతిగా మారినది. 28వ తేదీన జనులు అతని ఇంటిని కొల్లగొట్టిరి. సైనికులు కాల్చిరి. పలువురు మడిసిరి. రెవెయాన్ బాస్తీలు కోటలో తలదాచుకొనెను. మూడు నెలలు గడువకముందే ఆ కోటయే కూలినది.

1836లో ఇంగ్లండున పన్ను తొలగినది. 1839లో యంత్రముతో అచ్చొత్తుట ఆరంభమైనది. 1834లో సుమారు పది లక్షల చుట్టలుగా నున్న ఉత్పత్తి 1860 నాటికి తొంబది లక్షలకు సమీపించినది. సామాన్యుని గదికిని పూలు వచ్చినవి. పూలతో విషమును వచ్చినది. స్వీడను రసాయనజ్ఞుడు షీలె 1775లో రాగిని, ఆర్సెనిక్ పాషాణమును కలిపి ఒక చక్కని ఆకుపచ్చ రంగు చేసినాడు. పిమ్మట 1814లో ఇంకను మెరుగైన పచ్చ వచ్చినది. ఆ రంగులు గోడలకెక్కినవి. 1862లో లండనులోని లైమ్‌హౌస్‌లో ఒక యింట నలుగురు బిడ్డలు వరుసగా మరణింపగా, వైద్యుడు వారి పడకగది పచ్చకాగితమును అనుమానించినాడు. తేమగోడమీది బూజు ఆ రంగునుండి ఒక వాయువును పుట్టించునని 1890ల దశకమున ఇటలీ శాస్త్రజ్ఞుడు గోసియో చూపినాడు. ప్రాణములు తీసినది వాయువా, రాలిన ధూళియా అను చర్చ శాస్త్రజ్ఞులలో నేటికిని కలదు.

చేతిపని గౌరవమును చాటిన విలియం మారిస్ వంటివాడును ఈ మచ్చనుండి తప్పించుకొనలేదు. అతడు 1864లో వెలువరించిన గులాబీతీగ కాగితపు పచ్చరంగులో ఆర్సెనిక్ ఉన్నట్లు 2003లో పరీక్షించి కనుగొన్నారు. ఆర్సెనిక్ తీయు డెవన్ గనిలో అతని కుటుంబమునకు వాటాలుండెను. 1875 వరకు అతడు ఆ గని నిర్వాహకులలో ఒకడు. పనివాని చేయినిగూర్చి అంతగా తలపోసినవానికిని, తన గోడలోని పచ్చదనము ఏ గనిలో ఏ చేతులు త్రవ్వగా వచ్చినదో కనబడలేదు. గోడవైపు తిరిగిన ముఖమును చూచుట అంత కష్టము.

నేటి కాగితములలో ఆ పాషాణము లేదు. భయపడ పని లేదు. అయినను మన కోస్తా తేమలో గోడ బాగుగ ఆరకముందు కాగితము అంటించిన బూజు తప్పదు. ఈ మాట చెప్పి మా మనుమరాలిని వేసవివరకు ఆపితిని. వేసవిలో ఒక్క గోడకు మాత్రము అంటించినాము; తక్కిన మూటికి ఎప్పటి సున్నమే. అంటించుటకు ముందు కాగితమును బోర్ల పరచి, వెనుకవైపున పెన్సిలుతో "మచిలీపట్టణము" అని వ్రాసితిని. "ఎవరికీ కనబడదు కదా తాతయ్యా!" అని అది నవ్వినది. కనబడనిచోట ఉన్నదే వ్రాసిపెట్టవలెనమ్మా అంటిని.