ర్యాంకు ఒక్కటే చాలదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు ఇంజనీరింగ్ సీటు రావాలంటే ర్యాంకు ఒక్కటే చాలదు, స్టడీ సర్టిఫికెట్లు కూడా చూస్తారు. ఎందుకంటే 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర, 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ తర్వాత 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. మనది ఎస్వీ యూనివర్సిటీ ఏరియా: సీమ పాత నాలుగు జిల్లాలు, పాత నెల్లూరు. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఈ ఏరియాలో చదివుంటే లోకల్.

మా చిన్నాన్న కూతురు టెన్త్ దాకా కుప్పంలోనే చదివింది. దగ్గర కదా అని పీయూసీకి బెంగళూరు పంపించారు. కౌన్సెలింగ్ అప్పుడు తెలిసింది, తను నాన్‌లోకల్ అని! పోటీ పడాల్సింది మిగిలిన 15 శాతంలోనే. ఎక్కడో కర్నూలులో చదివిన అబ్బాయి మాత్రం కుప్పంలో లోకలే.